హారంలో రూట్ ఉండకూడదు

గణపతి సార్ చేతులు చూసి, ఆ వారం మిల్లులో ఏ రంగు నడుస్తోందో పిల్లలు చెప్పేసేవాళ్లు. గోళ్ల చుట్టూ ఎరుపు చేరితే పెళ్లిళ్ల సీజన్ మొదలైనట్టు. వేళ్ల సందుల్లో నీలం కనిపిస్తే ఏదో పెద్ద ఆర్డర్ వచ్చినట్టు. ఎంత రుద్దినా ఆ రంగు వదలదు, దాని మీదికి ఇంకో రంగు వచ్చి చేరుతుందంతే. ఆ చేతులతోనే ఆయన రజా రోజున సుద్దముక్క పట్టేవాడు. సూరత్ మిల్లుల్లో సెలవును రజా అంటారు, అక్కడి తెలుగువాళ్ల నోటికి కూడా ఆ మాటే అలవాటైపోయింది.

అంతకుముందు గణపతి జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల సారు. కరోనాలో ఆ బడి మూతపడింది. మళ్లీ తెరిచాక యాజమాన్యం తక్కువ జీతానికి దొరికిన ఒక కుర్రాణ్ని పెట్టుకుని, గణపతి ఫోన్ ఎత్తడం మానేసింది. కొన్నాళ్లు ఉపాధి హామీ పనికి వెళ్లాడు. అక్కడ తన పాత విద్యార్థులే పక్కన మట్టి తట్టలు మోస్తూ నమస్తే సార్ అంటుంటే తల ఎత్తలేకపోయాడు. చివరికి ఎవరో చెప్పిన మాట పట్టుకుని సూరత్ రైలెక్కి, అక్కడి పాండేసర పేటలో బట్టలకు రంగులేసే మిల్లులో పడ్డాడు. భార్య విజయశ్రీ ఊళ్లోనే జాకెట్లు కుడుతూ ఉండిపోయింది. పగటి షిఫ్టు వాళ్లు లేచి వెళ్లిన చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి పడుకునే ఒక గది, ఆ పక్కనే వడోద్‌లో ఆయన ఇల్లు. మిల్లులో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా తక్కువే. వారానికి ఒక్కపూట సార్ అని పిలిచే ఆ నలుగురు పిల్లలే లేకపోతే, తానెవరో తనకే గుర్తుండేది కాదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, అది నిజం.

ట్యూషన్ జరిగేది లింగవ్వ గది ముందున్న వరండాలో. లింగవ్వ చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని చేస్తుంది. చిన్న పుల్లతో జిగురు చుక్క పెట్టడం, దాని మీద రాయి అద్దడం, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే. ఆమె భర్త బుచ్చిరాములు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేత పని చేసి చేసి ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. వాళ్ల కూతురు వినోద, కొడుకు నరేశ్ ఇద్దరూ గణపతి దగ్గర చదువుకునేవాళ్లే. సార్‌కు ఫీజు అక్కర్లేదు, లింగవ్వ పెట్టే జొన్నరొట్టె చాలు.

అసలు చిక్కు వినోదతో వచ్చింది. వాళ్ల వైపున్న తెలుగు బడి ఎనిమిదితో అయిపోతుంది. ఆ తర్వాత గుజరాతీలోనో హిందీలోనో చదవగలిగితే చదవాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. చాలామంది ఆడపిల్లలు రెండోదే చేస్తారు. వినోద మాత్రం పట్టుబట్టింది. గణపతి కాళ్లరిగేలా తిరిగి, ఒక ట్రస్టు వాళ్ల గుజరాతీ హైస్కూల్లో ప్రిన్సిపాల్ మేడం ముందు నిలబడ్డాడు. ఆవిడ ఒక షరతు పెట్టింది. మొదటి పరీక్ష దాకా అమ్మాయి కూర్చోవచ్చు. మిగతా సబ్జెక్టుల్లో భాష రాదు కాబట్టి తక్కువ వచ్చినా సర్దుకుంటారు. లెక్కలకు భాషతో పనిలేదు కదా, అందులో మంచి మార్కులు తెచ్చుకుంటే ఉంచుకుంటారు. లేకపోతే పేరు తీసేస్తారు, పదో తరగతి ఫలితాలు పాడుచేసుకునే ఓపిక బడికి లేదు.

బుచ్చిరాములు కూడా అదే షరతు తన మాటల్లో చెప్పాడు. "ఉంచుకుంటే సదువుతది. లేకుంటే అమ్మతోని కూసుంటది." వినకుండా మాట్లాడే మనిషి కాబట్టి, ఆయన మాటకు ఎదురు చెప్పి లాభం లేదు.

గణపతికి భయం వేయలేదు. నిజానికి చాలా ధీమాగా ఉన్నాడు. తొమ్మిదో తరగతిలో మొదటి పాఠమే సంఖ్యల గురించి, వర్గమూలాల గురించి. అది ఆయనకు కొట్టిన పిండి.

వానలు మొదలైన రోజుల్లో ఒక రజా నాడు వినోద ముఖం మాడ్చుకుని వచ్చింది. పుస్తకం తెరవకుండానే అడిగింది.

"సార్, కింద రూట్ ఎందుకు ఉండొద్దు?"

భిన్నంలో గీత కింద ఉండేది హారం. అక్కడ వర్గమూలం ఉంటే, పైనా కిందా ఒకే సంఖ్యతో గుణించి, ఆ వర్గమూలాన్ని పైకి పంపేస్తారు. 1/√2 అని వస్తే దాన్ని √2/2 అని మార్చి రాస్తారు. హారాన్ని అకరణీయం చేయడం అంటాయి తెలుగు పుస్తకాలు. పిల్లలకు మాత్రం అది కింది రూట్‌ను మీదికి ఎక్కించే పని.

"ఉండొద్దని ఎవలన్నరు బిడ్డా?" అన్నాడు గణపతి.

"మా బడిల లెక్కల దేసాయి సార్. ఎందుకని క్లాసుల అడిగిన. గదే నియమం, కూసో అన్నడు. అందరు నవ్విన్రు."

గణపతి లోపల ఏదో వెలిగింది. ఎందుకు అని అడిగే పిల్ల దొరికితే మాస్టారికి పండగే. ఊళ్లో బడి పోయాక, తట్టలు మోశాక, బట్టకు రంగు పట్టించే జెట్ మిషన్ ఆవిర్లలో ఉడికాక, ఇన్నాళ్లకు ఒక పిల్ల ఆయన్ను అసలైన ప్రశ్న అడిగింది. ఆయన సుద్దముక్క తీసుకుని వరండా గచ్చు మీదే కూర్చున్నాడు.

"రూట్ టూ అంటే ఎంత?"

"ఒకటి పాయింట్ నాలుగు ఒకటి నాలుగు."

"ఒకటిని దానితోని భాగించు. ఫోన్ ముట్టద్దు, చేతితోని."

వినోద భాగించడం మొదలుపెట్టింది. వెయ్యిన్నాలుగు వందల పద్నాలుగుతో భాగహారం. ఒకసారి తప్పింది, చెరిపింది. మళ్లీ చేసింది. గచ్చు సగం నిండాక జవాబు వచ్చింది, సున్నా పాయింట్ ఏడు సున్నా ఏడు.

"ఇప్పుడు రూట్‌ను మీదికి తీస్కపో. ఒకటి పాయింట్ నాలుగు ఒకటి నాలుగును రెండుతోని భాగించు."

సుద్దముక్క పెట్టేలోపే ఆమె నోట జవాబు వచ్చేసింది. అదే సున్నా పాయింట్ ఏడు సున్నా ఏడు. వినోద ఆ రెండు లెక్కల వైపు మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. గుజరాతీ బడిలో చేరిన తర్వాత ఆ పిల్ల అలా నవ్వడం లింగవ్వ చూడలేదు, పుల్ల పట్టుకున్న చెయ్యి ఆపి కూతురి వైపు చూసింది.

"గిదే సంగతి," అన్నాడు గణపతి. "ఎనుకట లెక్కల మిషన్లు లేవు. చేతితోనే భాగించాలె. కింద రూట్ ఉంటే పానం పోతుండె, అందుకే మీదికి పంపిన్రు. ఇప్పుడు ఎవలు భాగిస్తున్నరు చేతితోని? కారణం పోయింది, రివాజు మిగిలింది. కింద ఉన్నా మీద ఉన్నా విలువ ఒకటే. గా సంగతి తెలిసినోళ్లకు మీదికి తీస్కపోయే అవసరమే లేదు."

ఆ ఆఖరి మాట దగ్గర ఆగి, ఇంకో ముక్క అనాల్సింది. పరీక్షలో మాత్రం మీదికి పంపి రాయి బిడ్డా, అని. ఊళ్లో పనిచేసినన్నాళ్లూ ప్రతి తరగతికీ ఆయన ఆ ముక్క తప్పకుండా చెప్పేవాడు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ రోజు సంతోషంలో మర్చిపోయాడు. పిల్ల ముఖంలో కనిపించిన వెలుగు చూస్తూ, తాను ఇంకా మాస్టారునే అన్న మురిపెంలో మునిగిపోయాడు. తర్వాత లింగవ్వ రొట్టె పెట్టింది, తిని వెళ్లిపోయాడు.

పరీక్ష అయిపోయింది. లెక్కల పేపరు ఎట్లా రాశావంటే, అన్నీ వచ్చినయ్ సార్ అంది వినోద. అన్నీ వచ్చాయి, అందులో అబద్ధం లేదు.

ఫలితం తెలిసిన రోజు బడి నుంచి కబురు వచ్చింది, అమ్మానాన్నల్ని తీసుకురమ్మని. బుచ్చిరాములు వచ్చినా ఏమీ వినపడదు కాబట్టి, లింగవ్వ గణపతిని బతిమాలింది. ఆయన రాత్రి షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని, నిద్ర లేకుండా అలాగే ఆమె వెంట నడిచాడు. ఆ వారం మిల్లులో నెమలి రంగు నడుస్తోంది. బడి వరండాలో నిలబడ్డప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకున్నాడు.

దేసాయి సార్ గణపతి ఊహించుకున్నంత మూర్ఖుడేమీ కాదు. నెత్తిన నెరిసిన జుట్టు, అలసిపోయిన ముఖం, మాట మెత్తన. కుర్చీలు చూపించి, పేపరు తీసి బల్ల మీద పరిచాడు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు.

పేపరు నిండా ఎర్ర సిరా. మొదటి లెక్క, 1/√2కి 1/√8 కలిపి సూక్ష్మీకరించమని. వినోద ముత్యాల్లాంటి అంకెలతో చేసుకుంటూ వచ్చి, పైన మూడు, కింద రెండు రూట్ రెండు దగ్గర ఆగి, గీత కొట్టి ముగించింది. రూట్ కిందే ఉంది. పక్కన సున్నా. రెండో లెక్కలోనూ అంతే. మూడోదీ అంతే. గణపతి పేజీ తిప్పాడు. ప్రతి చోటా ఆ పిల్ల చివరి మెట్టు దాకా వచ్చి, కావాలనే ఆగింది. రాకపోవడం వల్ల కాదు, తెలిసి ఆగింది. వరండాలో గణపతి అన్న ఆ ఆఖరి మాటే పేపరు నిండా కనిపించింది.

"జవాబులు సరైనవే కదండీ," అన్నాడు.

"సరైనవే, నాకు తెలుసు," అన్నాడు దేసాయి. "క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, రూట్ కింద వదలొద్దని. రేపు బోర్డు పరీక్షలో ఈ పేపరు దిద్దేదెవరో నాకు తెలియదు. ఆయన దగ్గరున్న జవాబులో రూట్ పైన ఉంటుంది, ఈ అమ్మాయి పేపర్లో కింద ఉంటుంది. చూస్తాడు, కొట్టేస్తాడు. అందుకే మొదట్లోనే అలవాటు కావాలని అందరికీ ఇలాగే సున్నా వేస్తాను."

"ఇప్పుడే ఒక కాగితం ఇవ్వండి. మీ ఎదురుగా అన్నీ పైకి మార్చి రాస్తుంది."

"రాస్తుందని నాకు తెలియదా? మేడంకు ఆ మాటే చెప్పాను. లెక్కల్లో కూడా తప్పిందా, అయితే తీసెయ్యండి అన్నారు. ఆ బెంచీ మీదికి వేరే పిల్లను చేర్చుకున్నారు కూడా." దేసాయి పేపరు మడిచాడు. "తెలివైన పిల్ల. ఎందుకు వినలేదో నాకు అర్థం కాలేదు."

ఈ ఇద్దరు మాస్టార్ల మాటలూ అర్థం కాక, లింగవ్వ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు మారుస్తూ ఉంది. చివరికి గణపతి మోచెయ్యి తట్టింది.

"ఏమంటుండు సార్?"

"జవాబులు కరెక్టే అంటుండు అక్కా."

లింగవ్వ ముఖం విప్పారింది. "మరింకేంది?"

"రాసిన తీరు తప్పంట. గందుకే తీసేసిన్రంట."

జవాబు సరైనదైతే తప్పు ఎట్లా అవుతుందో ఆమెకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. "గా తప్పు తీరు ఎవలు నేర్పిన్రు మరి దానికి?" అంది.

అబద్ధం చెప్పడానికి వీలుంది. దేసాయికి తెలుగు రాదు, లింగవ్వకు లెక్కలు రావు. ఏది చెప్పినా నమ్ముతుంది. గణపతి నెమలి రంగు చేతుల వైపు చూసుకుని, "నేనే అక్కా," అన్నాడు.

లింగవ్వ తిడితే బాగుండేది. ఆమె తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "మీరు మంచికే చెప్పింటరు సార్," అని లేచింది. తిరిగి వచ్చేటప్పుడు గల్లీ మలుపులో ఆమె, మీరింకా అన్నం తినలేదు కద, అని అడిగింది. ఆ అడగడంతో గణపతికి చచ్చిపోవాలనిపించింది.

వినోద గది గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి ముఖం చూడగానే తెలిసిపోయింది. సాయంత్రం షిఫ్టుకు బయల్దేరుతున్న బుచ్చిరాములుకు లింగవ్వ చేతులతో సైగ చేసి చెప్పింది. సాంచాల మోతలో గొంతు పనిచేయదు, అక్కడివాళ్లు ఇంట్లోనూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆయన కూతురి వైపు తిరిగి, అరచెయ్యి నిలువుగా ఎత్తి కిందికి దించాడు. దారం తెగినప్పుడు సాంచా ఆపెయ్యమని అక్కడ చేసే సైగ అది. కోపంగా చేయలేదు, రోజూ చేసినట్టే చేశాడు. చెప్పులు వేసుకుని పనికి వెళ్లిపోయాడు.

అప్పుడు గణపతి వినోద పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. ఒక్కటే అడిగాడు.

"మీదికి తీస్కపోవుడు నీకు వచ్చు కద బిడ్డా. ఎందుకు తీస్కపోలేదు?"

వినోద గోటితో గచ్చు గీకుతూ మెల్లగా అంది.

"గా బడిల నాకు ఏదీ సమజ్ కాకపోతుండె సార్. అందరు రాసిందే చూసి రాస్తుంటి. సైన్సు, సోషల్ అన్నీ బట్టీ పట్టిన, ఒక్క ముక్క అర్థం తెల్వదు. గిదొక్కటే నాకు పూరా సమజైంది. సమజైంది సమజైనట్టు రాయాలనిపించింది."

గణపతి తల వంచుకున్నాడు. ఆ పిల్ల ఏడ్చినా, మీరు నాశనం చేశారు అన్నా, ఆయనకు కాస్త ఊపిరాడేది. తాను చెప్పిన మాట అర్థమై, నచ్చి, నమ్మి, దాని మీద తన చదువంతా పెట్టిన విద్యార్థిని ఆయనకు జీవితంలో ఒక్కతే దొరికింది. అలాంటి పిల్ల కావాలని ప్రతి మాస్టారూ కోరుకుంటాడు. దొరికిన ఆ ఒక్కదాని కొంప తన నోటితోనే ముంచాడు. ఆ రాత్రి షిఫ్టులో ఉడుకుతున్న రంగునీళ్లు మణికట్టు మీద చిందితే కూడా ఆయనకు మంట తెలియలేదు.

తర్వాత రజాకు ఆయన ట్యూషన్‌కు పోలేదు. ఆ తర్వాతి రజాకూ పోలేదు, గదిలో చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇక సుద్దముక్క పట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. అయితే లింగవ్వ కొడుకును పంపింది. నరేశ్ వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మ రమ్మంటుంది సార్, రొట్టెలు చేసింది," అన్నాడు. వాడు ఎనిమిదిలో ఉన్నాడు. వచ్చే ఏడు వాడూ ఆ గుజరాతీ బడి గుమ్మమే ఎక్కాలి, ఆ మేడం షరతే వాడికీ ఉంటుంది. లింగవ్వ ఇంకా తనను నమ్ముతోందన్న సంగతి గణపతిని లేపి కూర్చోబెట్టింది. నమ్మకుండా ఉంటే పడుకునే ఉండేవాడు.

వరండాలో అంతా మామూలుగానే ఉంది. లోపల గుమ్మం పక్కన మాత్రం ఒక చీర బదులు రెండు చీరలు పరిచి ఉన్నాయి. ఒకదాని ముందు లింగవ్వ, రెండోదాని ముందు వినోద. ఆమె పుల్లతో జిగురు చుక్క పెట్టి, రాయి అద్ది, జరిగి, మళ్లీ చుక్క పెడుతోంది. అప్పుడే చెయ్యి తిరిగింది, తల్లి కంటే వేగంగా పోతోంది. నమస్తే సార్ అని, మళ్లీ పనిలో పడింది.

గణపతి నరేశ్‌కు వచ్చే ఏటి పాఠమే ఇప్పుడే మొదలుపెట్టాడు. ముందుగానే అలవాటు చేయాలి. గోడకు ఆనించిన పలక మీద 1/√3 రాసి, పైనా కిందా √3తో గుణించి, పైన √3, కింద మూడు రాశాడు.

"హారంలో రూట్ ఉండకూడదు. ఎప్పుడు వచ్చినా మీదికి పంపాలె. తెలిసిందా?"

నరేశ్ పలక వైపు చూశాడు. తలగోక్కున్నాడు. అక్క కళ్లే వాడివి.

"ఎందుకు సార్? కింద ఉంటే ఏమైతది?"

గణపతి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఇంత జరిగాక కూడా, ఆ ప్రశ్న వినగానే ఆయన లోపల ఆ పాత వెలుగు లేచింది. ఒకటి పాయింట్ ఏడు మూడు రెండుతో భాగించు బిడ్డా, అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఈసారి చివర్లో ఆ ముక్క మర్చిపోకుండా చెబుతాను కదా అనుకున్నాడు. గచ్చు మీద కూర్చోబోయాడు.

"ఎందుకని అడగకురా," అంది వినోద గుమ్మం పక్క నుంచి. చీర మీంచి తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. గొంతులో కోపం కూడా లేదు. "సార్ చెప్పినట్టు చెయ్యి. మీదికి తీస్కపోయి రాయి, మార్కులు వస్తయ్."

లింగవ్వ పుల్ల పట్టుకున్న చెయ్యి ఆగింది. నరేశ్ సార్ వైపు చూశాడు, ఆయన ఏమంటాడా అని. గణపతి సగం కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. పలక మీద ఇంకో లెక్క రాసి, సుద్దముక్క వాడి చేతికిచ్చాడు.

"మీ అక్క చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.